గోడ వెనకాల నీళ్లు

నేను కట్టినవాటిని మళ్లీ వెళ్లి చూడాలని నాకు ఎన్నడూ పెద్దగా అనిపించలేదు. కల్వర్టులు, రోడ్లు, ఒకటి రెండు చిన్న వంతెనలు. అవి వాటి పని అవి చేసుకుంటున్నాయి. కానీ నేను కట్టని గోడ ఒకటి ఉంది. నేను పుట్టకముందు, నిజాం కాలంలో ఎవరో కట్టిన గోడ. అది పడిపోకుండా ఒక ఎండకాలమంతా, ఒక వానకాలం సగం దాని కింద నిలబడి పని చేశాం. ఇప్పటికీ మృగశిర కార్తెలో మొదటి మబ్బు పట్టిందంటే నా మనసు ఆ గోడ దగ్గరికే పోతుంది.

ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాయడం నాకు అలవాటు. ఆ రోజు ఎండా వానా, ఎంతమంది పనికి వచ్చారు, ఎంత సిమెంటు వాడాం, ఎవరు సెలవు పెట్టారు, ఇంతే. మొన్న ఆ ఏటి డైరీ తీసి చూస్తే అన్నీ ఉన్నాయి గానీ నాకు కావలసింది లేదు. ఉస్తాద్ నవ్వు ఎట్లా ఉండేదో లేదు. అవ్వ చాయ్‌లో అల్లం ఎంత ఘాటుగా ఉండేదో లేదు. డైరీలో రాయనివే ఇప్పుడు ఎక్కువగా గుర్తొస్తున్నాయి. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఏమైనా పనికొస్తుందేమోనని ఇప్పుడు రాస్తున్నాను. పనికిరాకపోయినా నాకు రాయాలని ఉంది.

ఇది తొంభైల నడుమ సంగతి. కల్వకుర్తి దాటి దేవరకొండ వైపు పోయే దారిలో ఒక చిన్న ఊరు. ఊరి చివర రోడ్డు గుట్టను ఆనుకుని ఎత్తుగా పోతుంది. ఆ రోడ్డు కిందికి జారకుండా పక్కన రాతి గోడ కట్టారు. డంగు సున్నంతో కట్టిన గోడ, రెండు నిలువుల ఎత్తు. పైన బస్సులు, లారీలు. కింద గోడను ఆనుకుని ఆరు ఇండ్లు. ఆ ఇండ్లకు వెనక గోడ వేరే లేదు, మా గోడే వాళ్ల వెనక గోడ. ఇండ్ల నడుమ వాకిళ్లలో మాత్రం గోడ బయటికే ఉండేది. దానికే మేకులు కొట్టి గిన్నెలు తగిలించుకున్నారు, గూళ్లు తొలిచి దీపాలు పెట్టుకున్నారు. నీళ్లు బయటికి కారిపోవడానికి కట్టినవాళ్లు గోడలో అక్కడక్కడ రంధ్రాలు వదిలారు. వాటిలోంచి తేళ్లు వస్తున్నాయని ఇండ్లవాళ్లు ఏటేటా సున్నం పూసి మూసేశారు. వాళ్లను తప్పు పట్టలేం. పిల్లలు పడుకునే చోట తేలు వస్తే నేనైనా మూసేవాణ్ణే.

ఆ గోడ కడుపు ముందుకు వచ్చింది. నిండు చూలాలి కడుపులాగా నడిమిట్ల ఉబ్బింది. లారీ పోయినప్పుడల్లా కింద ఇండ్లలో గిన్నెలు మోగేవి. మా పై అధికారి చూసి, గోడ పడగొట్టి కొత్తది కడదామన్నాడు. కొత్త గోడకు పునాది వెడల్పు కావాలి. ఆ వెడల్పు ఆ ఆరు ఇండ్ల జాగా. అంటే ఇండ్లు పోవాలి. వేరే జాగా ఇస్తామని కాగితం మీద ఉంది. ఆ జాగా ఊరికి దూరంగా, రాళ్ల గుట్ట మీద, నీళ్లు లేని చోట ఉంది. నల్లగొండ, పాలమూరు మనుషులకు నీళ్లు లేని చోటంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

మా ఆఫీసులో అప్పుడు ఒక్క ఆడ ఇంజినీరు ఉండేది. గుంటూరు వైపు పిల్ల, పెద్ద చదువు చదివి వచ్చింది. గోడను పడగొట్టనక్కర్లేదని మొదట అన్నది ఆమె.

"గోడలోంచి వెనక మట్టిలోకి పొడుగు రంధ్రాలు తొలిచి, ఇనుప కడ్డీలు పెట్టి, సిమెంటు పాలు పోస్తే చాలండి. మట్టి తన బరువు తనే పట్టుకుంటుంది. ముందర పలక వేసి నట్టు బిగిస్తాం. మట్టికి మేకులు కొట్టినట్టన్నమాట. ఇక్కడి మొరం మట్టి దీనికి బాగా పనికొస్తుంది."

"ఎక్కడైనా చేశారా?" అన్నాడు పై అధికారి.

"చేశారండి. ఇక్కడ కాదు."

"ఇక్కడ కానిది ఇక్కడెట్ల?"

ఆమె నా వైపు చూసింది. అప్పటికి నాకు నలభై దాటాయి. కొత్త పద్ధతి అంటే ముందు అనుమానం, తర్వాత లెక్క, ఆ తర్వాతనే ఒప్పుకోవడం నా స్వభావం. ఆమె లెక్కలు ఇంటికి తీసుకుపోయి రెండుసార్లు చేసి చూశాను. సరిగానే ఉన్నాయి. మర్నాడు పై అధికారికి అదే చెప్పాను. ఆయన ఆ లెక్కల కాగితాలు తిరగేసి చూశాడు. చివరికి ఒక షరతు పెట్టాడు. గోడ పగుళ్ల మీద గాజు పట్టీలు అతికించాలి. గోడ కదిలితే గాజు పగులుతుంది. గాజు పగిలిన రోజు మేకుల పని ఆపి, ఇండ్లు తీయించి, కొత్త గోడ కట్టాలి. షరతు న్యాయమైనదే. అట్లా ఆ ఆరు ఇండ్ల బతుకు వేలెడు గాజు ముక్కల మీదికి వచ్చింది.

రంధ్రాలు తొలవడానికి మనిషి కావాలి. నల్లగొండలో బోర్లు వేసే ఒక ఉస్తాద్ దొరికాడు. యాభై ఏండ్లుంటాయి, గడ్డం సగం తెల్లబడింది, నోట్లో ఎప్పుడూ పాన్. ఊరూరా బోర్లు వేసి నేలంతా చూసినవాడు. బండి మీది డ్రిల్లు విప్పి, కల్వకుర్తిలో ఇనుప చట్రం చేయించి, దాన్ని అడ్డంగా పండబెట్టాడు. పండబెట్టిన రోజు దాని చుట్టూ తిరిగి చూసి నవ్వాడు.

"జిందగీ అంతా కిందికి కొట్టిన సార్. ఇప్పుడు పక్కకు కొట్టుమంటున్రు. మా డ్రిల్లు గూడ పరేషాన్ అయితది."

ఆ ఇండ్లలో మొదటిది అవ్వది. బొంతలు కుట్టేది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పాత చీరలు, పాత ధోవతులు తెచ్చిచ్చేవాళ్లు. వాకిట్లో పరిచి, పొరల మీద పొరలు వేసి, రోజంతా కుట్టేది. ఒక కొడుకు, కోడలు ఉండేవాళ్లు. కొడుకు లారీ క్లీనరు, ఇంట్లో ఉండేది తక్కువ. మేం వెళ్లిన మొదటి రోజే అవ్వ నన్ను ఆపింది.

"సారూ, మా ఇండ్లు గుంజుకుంటరంట గదా?"

"లేదు అవ్వా. గుంజుకోకుండా ఉండాలనే వచ్చినం."

"గిట్లనే అంటరు అందరు," అని సూది పళ్ల మధ్య పెట్టుకుని దారం తెంపింది. "మరి గా మిషిను ఎందుకు?"

ఉస్తాద్ చెప్పాడు. "గోడకు కుట్లు ఏస్తున్నం అవ్వా. నీ బొంత లెక్క. ముందల రాయి, ఎనక మట్టి, రెండు కలిపి కుట్టుడు."

అవ్వ గోడ వైపు, తన బొంత వైపు చూసింది. "దారమేది?"

"ఇనుప కడ్డీ."

"నీ కుట్లు ఊడిపోతే బొంత నా మీదనే పడుతది. మంచిగ కుట్టు మరి," అన్నది. ఆ మాట తర్వాత ఆమె మాకు చాయ్ ఇవ్వడం మొదలుపెట్టింది.

ఆ ఎండకాలం ఎట్లా గడిచిందో ఇప్పుడు తలచుకుంటే నాకే ఆశ్చర్యం. పొద్దున్నే కల్వకుర్తి నుంచి జీపులో వచ్చేవాళ్లం. ముందు గాజు పట్టీలు చూడాలి. అన్నీ సరిగ్గా ఉన్నాయని రాసుకున్నాకే డ్రిల్లు మొదలు. పైవరుస మేకులు ముందు, తర్వాత కింది వరుస. రంధ్రం కొద్దిగా లోపలికి వాలి ఉండాలి, అప్పుడే పోసిన సిమెంటు పాలు బయటికి రావు. డ్రిల్లు మొదలైతే ఎర్రటి దుమ్ము లేచి ఆరు ఇండ్లు కప్పేసేది. ఆడవాళ్లు బట్టలు ఆరేయడం మానేశారు. ఉస్తాద్ తలకు తువ్వాల చుట్టుకుని, కళ్లు మాత్రం కనిపించేట్టు ఉండి, కడ్డీ వెనకాల చెయ్యి పెట్టి నిలబడేవాడు. కడ్డీ అదురును బట్టి లోపల రాయి ఉందా, మొరం ఉందా అని చెప్పేవాడు. ఇంజినీరు మేడం పక్కన నిలబడి రాసుకునేది. ఇద్దరికీ పడేది కాదు, ఇద్దరూ ఒకరు లేకుండా ఒకరు చాయ్ తాగేవాళ్లు కాదు.

"ఉస్తాద్‌గారూ, ఇంకొంచెం వాలు తగ్గించండి."

"గా 'అండి' అన్నప్పుడల్లా నా డ్రిల్లు ఆగిపోతాంది మేడం. ఎవలో పెద్దమనిషి వచ్చిండేమో అని ఎనకకు చూస్తది."

"మరి ఎట్లా అనాలి?"

"తగ్గించు అనుండ్రి. లేదంటే తగ్గియ్యరాదా భయ్ అనుండ్రి."

ఆమె నవ్వి, "తగ్గియ్యరాదా భయ్," అన్నది గుంటూరు యాసలోనే. ఆ మాటకు కూలీలందరూ పని ఆపి నవ్వారు. అవ్వ కోడలు గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అందులో ఏమంత పెద్ద విషయం లేదు. అయినా నా ఉద్యోగమంతా వెతికినా అటువంటి మధ్యాహ్నాలు ఎక్కువ దొరకవు.

రోహిణి ఎండలు అయిపోయాయి. మృగశిరకు రెండు మంచి వానలు పడ్డాయి. గోడలో పైవరుసలు అయిపోయి, కడుపు ఉబ్బిన చోటికి వచ్చాం. ఆ రోజు నేను, మేడం నల్లగొండలో మీటింగుకు పోవలసి వచ్చింది. పోయేముందు ఉస్తాద్‌కు చెప్పిపోయాం, ఇవాళ ఒక రంధ్రం తొలిచి ఆపమని. సాయంత్రానికి వస్తామనుకున్నాం, కానీ మీటింగు లేటయి మర్నాడు పొద్దున్నే వచ్చాం.

జీపు దిగి చూస్తే గోడ ముందర పండుగలా ఉంది. కొబ్బరికాయ కొట్టిన చిప్పలు, కుంకుమ, నేల మీద చక్కెర పలుకులు. ఆరు ఇండ్ల ఆడవాళ్లూ బిందెలు వరుసగా పెట్టి కూర్చున్నారు. ఉస్తాద్ ఎదురొచ్చి నా చేతిలో చక్కెర పెట్టాడు.

"సార్, నీళ్లు పడ్డయి."

ఆ మాట ఎట్లా అన్నాడో ఈ ప్రాంతం మనిషికే తెలుస్తుంది. మా దగ్గర ఆ మాట కోసం జనం అప్పులు చేస్తారు, ముడుపులు కడతారు. బోరు బండి చుట్టూ ఊరంతా రాత్రింబవళ్లు కూర్చుంటుంది. నూరు అడుగులు పోయినా దుమ్మే వస్తుంటే ఆడవాళ్లు ఏడుస్తారు. ఉస్తాద్ చేతి కింద ఎన్నో బోర్లు ఎండిపోయాయి. ఆయనను తిట్టినవాళ్లూ ఉన్నారు. అట్లాంటి మనిషి గోడలో అడ్డంగా తొలుస్తుంటే చల్లటి నీళ్లు ఎగజిమ్మి మొఖాన పడ్డాయి. ఆయన డ్రిల్లు ఆపి, నేలకు నుదురు ఆనించి సజ్దా చేశాడట. కూలీలు ఊళ్లోకి ఉరికి కొబ్బరికాయ తెచ్చారట.

మేడం ఆ రంధ్రం దగ్గరికి పోయి ఆగిపోయింది. దానిలో ఒక కట్టె బిరడా బిగించి ఉంది. చుట్టూ గుడ్డపేలికలు చుట్టి, సుత్తెతో గట్టిగా కొట్టి ఉంది.

"ఇది ఎవరు కొట్టారు?" అన్నది.

"నేనే మేడం. రాత్రంత ఊకె పోతది గదా. నీళ్లు గట్ల మోరీల పోతాంటే కండ్లతోని చూడబుద్ది కాలె. పొద్దుగాల ఆడోళ్లు బిందెలు తెచ్చుకున్నంక ఇప్పుదామని బంద్ చేసిన."

నేను గాజు పట్టీల వైపు నడిచాను. కడుపు ఉబ్బిన చోట, నడిమి పగులు మీద ఉన్న పట్టీ రెండు ముక్కలైంది. వెంట్రుకంత సందు. కానీ పగిలిన గాజు పగిలిందే.

కొత్త పిల్లలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. నిలబెట్టే గోడను మట్టి అంత తొందరగా పడేయదు. నీళ్లు పడేస్తాయి. మట్టి తనను తాను కొంతైనా పట్టుకుంటుంది. నీళ్లకు ఆ గుణం లేదు, వెనకాల ఎంత ఎత్తున నిలిస్తే అంత బలంగా నెడతాయి. గుట్ట మీది నుంచి దిగే వాన నీళ్లకు రోడ్డు పక్క కాలువ ఉండేది. అది ఏనాడో పూడిపోయింది. గోడ రంధ్రాలకు సున్నం పూసేశారు. నీళ్లు గోడ వెనకాల నిలిచిపోయాయి. ఆ నీళ్లకు ఎన్నో ఏండ్ల తర్వాత ఒక దారి దొరికింది. ఒక రాత్రి ఆ దారి కూడా మూసుకుంది.

ఈ తప్పు ఉస్తాద్ ఒక్కడిది అని నేను ఎన్నడూ అనుకోలేదు. ఇంకో సీమలో ఇంకో మేస్త్రీ అయితే ఆ నీళ్లను పోనిచ్చి ఇంటికి పోయేవాడు. బిరడా కొట్టాలన్న ఆలోచనే వచ్చేది కాదు. అది నీళ్ల విలువ తెలిసినవాడు చేసే తప్పు.

"ఉస్తాద్, బిరడా తీసెయ్యి," అన్నాను.

"బిందెలు నిండినంక..."

"బిందెలు నిండినా తీసుడే. మళ్లీ పెట్టొద్దు. ఈ నీళ్లే గోడను నూకుతున్నయి."

ఆయన నా మొఖం చూశాడు, గాజు పట్టీ చూశాడు. చేతిలో ఉన్న చక్కెర జేబులో పోసుకున్నాడు. సుత్తె తీసుకుని బిరడాను పక్కల నుంచి కొట్టి వదులు చేశాడు. అది ఎగిరి పడింది. ముందు ఎర్రటి బురద, తర్వాత తెల్లటి ధార, వాకిలి దాటి పడింది. ఆడవాళ్లు బిందెలు పట్టారు. బిందెలు నిండాయి, గోలేలు నిండాయి, అవ్వ చిన్న చెంబు కూడా నింపుకుంది. ఆ తర్వాత పట్టడానికి ఏమీ లేదు. నీళ్లు సందు వెంట పోయి, ఎండిన నేలలో ఇంకిపోతున్నాయి. అందరూ చూస్తూ కూర్చున్నారు. ఇంట్లోంచి శవాన్ని తీసుకుపోతుంటే చూసినట్టు చూశారు.

"గట్ల పోనిస్తరా సారూ," అన్నది అవ్వ.

"పోనియ్యకపోతే నీ ఇల్లు పోతది అవ్వా."

అవ్వ ఆ చెంబు తీసుకుని ఇంట్లోకి పోయింది.

గాజు పగిలిన సంగతి దాచడం నాకు చేతకాదు. ఆ పూటే కల్వకుర్తి పోయి పై అధికారికి ఫోన్ చేసి చెప్పాను. మధ్యాహ్నానికి జీపులో వచ్చాడు. గోడ చూశాడు, నీళ్లు చూశాడు, మా ఇద్దరినీ పక్కకు తీసుకుపోయాడు.

"షరతు ఏంది?"

"గాజు పగిలితే ఆపాలె సార్."

"మరి?"

మేడం చెప్పింది. గోడ కదిలింది మేకుల వల్ల కాదని, బిరడా వల్లనని, నీళ్లకు సరైన దారి చేస్తే గోడ ఆగుతుందని, నీళ్లు తీయకుండా కొత్త గోడ కట్టినా అదీ ఇట్లాగే ఉబ్బుతుందని. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఆయన అంతా విన్నాడు.

"అమ్మా, గోడ ఎనక నీళ్లు ఎంతున్నయో నీకు తెలుసా?"

"తెలియదండి."

"నాకూ తెల్వది. తెల్వనిదాని కింద మనుషులను పండనియ్య." గోడ వైపు చూసి, "ఇవాళే ఇండ్లు ఖాళీ చెయ్యాలె. బడిలో ఉండనియ్యి. మీరు నీళ్లకు దారి చెయ్యుండ్రి. కొత్త గాజు పెట్టుండ్రి. పెద్ద వాన ఒకటి పడనియ్యి. గాజు నిలిస్తే మేకులు నడుస్తయి. లేకుంటే నా మాట నడుస్తది," అన్నాడు.

ఆయనను ఆ రోజు చాలామంది తిట్టుకున్నారు. నేను మాత్రం ఈ రోజుకూ ఆయన పక్కనే. ఇండ్లు కూలుస్తానన్న మనిషి ఇంకొక అవకాశం ఇచ్చాడు, మనుషుల ప్రాణం మీద మాత్రం పందెం వేయలేదు. కొత్త పిల్లలు ఆయన నుంచి కూడా నేర్చుకోవాలి.

ఆరు ఇండ్లూ బడిలోకి పోయాయి. అవ్వ చివరగా కదిలింది. కుట్టడం సగమైన బొంత చంకలో పెట్టుకుని, గోడను ఒకసారి అరచేత్తో తట్టి పోయింది.

మరునాటి నుంచి ఉస్తాద్ కొత్త రంధ్రాలు తొలవాలి. ఇవి మేకులకు కాదు, నీళ్లు పోవడానికి. చిల్లులున్న గొట్టాలు పెడతాం. వీటి వాలు తిరగబడి ఉండాలి, లోపలికి పోయినకొద్దీ పైకి ఎక్కాలి, అప్పుడు నీళ్లు వాటంతట అవే బయటికి వస్తాయి. చట్రాన్ని అట్లా నిలబెట్టమంటే ఆయన చాలాసేపు పాన్ నములుతూ నిలబడ్డాడు.

"పైకి కొట్టాల్నా?"

"అవును."

"నీళ్ల కోసం కాదు, నీళ్లు పోనీకి."

"అవును ఉస్తాద్."

"సార్, నేను పని మొదలువెట్టేటప్పుడు ప్రతిసారి ఒక దువా చేస్త. నీళ్లు దొరకాలె అని. ఇప్పుడు ఏం దువా చెయ్యాలె?"

మేడం చెప్పింది. "నీళ్లు పోవాలి అని చెయ్యండి. ఈ ఒక్కసారికి."

ఆయన కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుని, డ్రిల్లు మొదలుపెట్టాడు. ఆ రోజు ఆయన ఒక్క జోకు వేయలేదు. మధ్యాహ్నం చాయ్ మానేశాడు. నీళ్లు పడ్డ ప్రతి రంధ్రం దగ్గర ఒక్క క్షణం చెయ్యి పెట్టి, ఆ ధారను వేళ్ల మధ్య నుంచి పోనిచ్చి, అప్పుడు గొట్టం దూర్చేవాడు.

పెద్ద వాన కోసం ఎక్కువ రోజులు ఆగనక్కర్లేకపోయింది. ఒక మధ్యాహ్నం దేవరకొండ వైపు నుంచి నల్లగా కమ్ముకు వచ్చింది. గుట్ట కనిపించకుండా పోయింది. నేను, మేడం, ఉస్తాద్ గోడకు ఎదురుగా గొడుగుల కింద నిలబడ్డాం. మా కళ్లన్నీ ఆ కొత్త గాజు పట్టీ మీదే. రోడ్డు మీద నీళ్లు అంచు దాటి కారుతున్నాయి. కాసేపటికి గొట్టాల్లోంచి ధారలు మొదలయ్యాయి. ఒకటి, తర్వాత పక్కది, తర్వాత అన్నీ. బొంతలో కుట్లు ఉన్నట్టే వరుసగా.

అప్పుడు వెనకాల మాటలు వినిపించాయి. తిరిగి చూస్తే అవ్వ ముందు, మిగతా ఆడవాళ్లు వెనక, తలల మీద గోనెసంచులు కప్పుకుని, చంకల్లో ఖాళీ బిందెలతో బడి నుంచి నడిచి వస్తున్నారు.

"అవ్వా, రావొద్దు. గోడ కిందికి ఎవరూ పోవద్దు," అని అరిచాను.

"నీ గోడ సంగతి నువ్వు చూసుకో కొడుకా, నా నీళ్ల సంగతి నేను చూసుకుంట."

ఉస్తాద్ అడ్డం నిలబడ్డాడు. "అవ్వా, గీడికి చాలు. గీ గీత దాటొద్దు." పారతో బురదలో గీత గీశాడు. అవ్వ ఆ గీత దగ్గర బిందె పెట్టింది. ధార అంతదూరం వచ్చి బిందెలో పడింది. ఆయన నా వైపు చూశాడు. ఎన్నో రోజుల తర్వాత నవ్వాడు.

"గోడ నూకుతలేదు సార్. ఇస్తాంది."

వాన తెరిపి ఇచ్చాక గోడ దగ్గరికి పోయాను. గాజు మీది తడి చొక్కా కొనతో తుడిచాను. వేలితో ఈ చివర నుంచి ఆ చివరకు రాశాను. ఎక్కడా గరుకు తగల్లేదు. మేడం అడగలేదు, నా మొఖంలో చూసుకుంది. పై అధికారి మర్నాడు వచ్చి అదే గాజు మీద అట్లాగే వేలు రాసి, "నడిపియ్యుండ్రి," అని జీపెక్కాడు.

తర్వాత పని మామూలుగానే సాగింది. మిగిలిన మేకులు కొట్టాం, ముందర ఇనుప జాలి కట్టి, ఆ గాజు పట్టీని మాత్రం వదిలి, సిమెంటు పూత వేశాం. ఆరు ఇండ్లూ తిరిగి వచ్చాయి. మేకుల కొనలకు వేసిన ఇనుప పలకలు ఎందుకో తెలియకపోయినా, వాటికి తాళ్లు కట్టి బట్టలు ఆరేసుకున్నారు. ప్రతి గొట్టం కింద ఒక బిందె వచ్చింది. వానకాలం పోయాక కూడా చలికాలం దాకా ఆ గొట్టాలు కారేవి. పని అయిపోయిన రోజు అవ్వ ఆ సగం బొంతను పూర్తి చేసి మేడంకు ఇచ్చింది. "మీ ఊళ్లె చలి ఉండదంట గదా, అయినా కప్పుకో బిడ్డా," అన్నది. ఉస్తాద్ అందరికీ పాన్ ఇచ్చి, డ్రిల్లును మళ్లీ నిలువుగా బండి మీద ఎక్కించుకున్నాడు. "ఇగ సీదా పని," అని దాని మీద తట్టాడు. ఆ బండి దుమ్ము లేపుకుంటూ నల్లగొండ రోడ్డెక్కడం చూస్తూ మేం ఇద్దరం చాలాసేపు నిలబడ్డాం. ఆ తర్వాత ముగ్గురం ఒక్కచోట నిలబడింది మళ్లీ లేదు.

మేడం బదిలీ అయి వాళ్ల వైపు పోయింది. పెద్ద పదవుల దాకా వెళ్లింది. ఉగాదికి ఫోన్ చేస్తుంది. ఇప్పటికీ మాట ముగించే ముందు, "ఉంటా భయ్," అంటుంది. ఉస్తాద్ ఆ తర్వాత పది పదిహేనేండ్లు బోర్లు వేశాడు. ఒక్క ఏడాదిలో ఎన్ని వేశాడో ఆయనకే లెక్క తెలియనంత కరువు కాలం అది. ఇంకా లోతుకు, ఇంకా లోతుకు. చనిపోయాడని నాకు ఆలస్యంగా తెలిసింది.

పోయిన వానకాలం అటు వైపు ఒక పెండ్లికి పోతూ బస్సు దిగాను. గోడ అట్లాగే ఉంది. ముందు గాజు పట్టీ వెతికాను. రంగుల మీద రంగులు పూసి కప్పేశారు. గోటితో గీకితే బయటపడింది. వేలు రాశాను. పగల్లేదు.

అవ్వ లేదు. కోడలు ఉంది, ఇప్పుడు ఆమెనే అందరూ అవ్వ అంటున్నారు. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. గొట్టాల వైపు చూశాను. అంతకు రెండు రోజుల ముందే మంచి వాన పడిందట. ఒక్క గొట్టమూ కారడం లేదు. దగ్గరికి పోయి ఒకదాని కింద అరచెయ్యి పెట్టాను. లోపల సాలెగూడు.

"ఎన్నేండ్లయిందో సారూ గవి ఎండి," అన్నది ఆమె. "ఊరు చుట్టూ బోర్లే గదా. గుట్టల నీళ్లన్నీ కిందికి పోయినయి."

గోడ వెనకాల నీళ్లు లేవు. ఇంజినీరుగా నేను సంతోషించాలి. ఆ గోడ తన జీవితంలో ఇంత భద్రంగా ఎన్నడూ లేదు. నీళ్లు పోవాలని ఉస్తాద్ ఆ రోజు చేసిన దువా పూర్తిగా నెరవేరింది. మిగతా జీవితమంతా నీళ్లు దొరకాలని చేసిన దువాలే దాన్ని నెరవేర్చాయి. ఆయన ఉంటే దీనికి ఏదో ఒక జోకు వేసేవాడు. నాకు మాత్రం తోచలేదు.

అప్పుడే చూశాను. అవ్వ వాకిట్లోని గొట్టం కింద ఒక బిందె ఉంది. తోమి, ఖాళీగా, నోరు పైకి.

"ఎండిపోయిందంటివి గదా, మరి బిందె ఎందుకు?" అన్నాను.

"మా అత్త పెట్టిన జాగా సారూ," అన్నది. "ఉండనియ్యి. పడితే పడతది."

బస్సుకు ఇంకా టైముంది. నేను కుర్చీ ఆ బిందె పక్కకు జరుపుకుని కూర్చున్నాను. పైన లారీలు పోతున్నాయి. ఇంట్లో గిన్నెలు మోగడం లేదు. ఆమె అల్లం చాయ్ తెచ్చింది. తాగుతూ, బస్సు వచ్చేదాకా, ఆ గొట్టం వైపే చెవి పెట్టి కూర్చున్నాను.